విప్పి సంచిలో పెట్టుకునే చెక్క విల్లు: ఇంట్లో తయారు చేసుకునే విధానం

ఒకే కర్రతో చేసిన పూర్తి పొడవు విల్లు దాదాపు మనిషి ఎత్తు ఉంటుంది. దానిని బస్సులో పట్టుకుని నిలబడడం కష్టం, రైలు బెర్తు కింద పట్టదు, స్కూటరు మీద తీసుకువెళ్లడం ప్రమాదం. అందుకే మూడు ముక్కలుగా విడిపోయి, మైదానానికి చేరాక అయిదు నిమిషాల్లో మళ్లీ ఒక్కటయ్యే విల్లు ఎంతో ఉపయోగకరం. 2024లో పారిస్ ఒలింపిక్స్‌లో విజయవాడకు చెందిన బొమ్మదేవర ధీరజ్ పోటీపడిన రికర్వ్ విభాగంలో వాడే విల్లులు కూడా ఇలా మూడు ముక్కలుగా విడిపోయేవే. వాటి నడిమి భాగం లోహం; మనం చేయబోయేది పూర్తిగా చెక్క, వెదురు.

శిక్షణ కేంద్రాల్లో మధ్యన చేత పట్టుకునే భాగాన్ని రైజరు అనీ, పైనా కిందా వంగే భాగాలను లింబులు అనీ అంటారు. ఈ వ్యాసంలో వాటిని పిడి, రెక్కలు అని పిలుస్తాను. విల్లు ఎక్కుపెట్టి నిలబడినప్పుడు లక్ష్యం వైపు ఉండే ముఖాన్ని గురివైపు అనీ, మన వైపు ఉండే ముఖాన్ని మనవైపు అనీ గుర్తుంచుకోండి. ఈ రెండింటినీ తారుమారు చేస్తే చేసిన పని అంతా వృథా అవుతుంది.

కొలతలు ఇవి. పిడి పొడవు 46 సెం.మీ., ఒక్కొక్క రెక్క పొడవు 73 సెం.మీ. ప్రతి రెక్కలోనూ 12 సెం.మీ. పిడి మీద కూర్చుంటుంది కాబట్టి బిగించిన తరువాత మొత్తం విల్లు 168 సెం.మీ. అవుతుంది. 28 అంగుళాలు లాగినప్పుడు 30 పౌండ్లు, అంటే సుమారు 13.6 కిలోల బలం ఉండేలా దీనిని దిద్దుతాము. మొదటి విల్లుకు ఇంతకన్నా ఎక్కువ బలం కోరవద్దు. బలమైన విల్లును లాగలేక భుజం నొప్పి తెచ్చుకునేవారే తప్ప, తేలిక విల్లుతో గురి నేర్చుకోలేకపోయినవారు నాకు కనిపించలేదు.

అతుకు ఎలా పనిచేస్తుంది

విప్పదీసే విల్లులో ప్రాణం అతుకులోనే ఉంటుంది కాబట్టి, కర్రను ముట్టుకోక ముందే దాని పని తీరును అర్థం చేసుకోవాలి. రెక్కలు రెండూ పిడికి గురివైపు ముఖం మీద కూర్చుంటాయి. నారిని లాగినప్పుడు రెక్క కొస మన వైపు వస్తుంది. రెక్క పిడి చివరి అంచు మీద ఆనుకుని గడ్డపారలా తిరగబోతుంది. దాని మొదలు పిడి మీద నుంచి గురివైపుకు లేవబోతుంది. అలా లేవకుండా పట్టి ఉంచేది బోల్టు. పిడి అంచు నుంచి రెక్క కొస దాకా 61 సెం.మీ., అదే అంచు నుంచి బోల్టు దాకా 7.5 సెం.మీ. ఉంటాయి. అంటే కొస దగ్గర పడే బలానికి దాదాపు ఎనిమిది రెట్ల బలం బోల్టు మీద పడుతుంది. 8 మి.మీ. ఉక్కు బోల్టు దానిని సునాయాసంగా భరిస్తుంది. అయితే బోల్టును అంచుకు మరో మూడు సెంటీమీటర్లు దగ్గరకు జరిపితే ఆ భారం ఎంత పెరుగుతుందో మీరే లెక్కవేసుకోవచ్చు.

దీని నుంచే మరొక ముఖ్యమైన విషయం తేలుతుంది. రెక్కలో వంపు ఒత్తిడి పిడి అంచు దగ్గర అన్నిటికన్నా ఎక్కువగా ఉండి, అక్కడి నుంచి లోపలికి పోయేకొద్దీ తగ్గుతూ, బోల్టు దగ్గరకు వచ్చేసరికి పూర్తిగా తీరిపోతుంది. కాబట్టి అంచుకూ బోల్టుకూ నడుమ ఎక్కడా బెజ్జం వేయకూడదు. రెక్క పక్కకు తిరగకుండా ఆపే 6 మి.మీ. ఉక్కు చువ్వను బోల్టుకు లోపలి వైపున, అంచు నుంచి 10.5 సెం.మీ. దూరంలో పెట్టాలి. అక్కడ బెజ్జం ఉన్నా రెక్కకు ఏ హానీ జరగదు.

కర్ర, వెదురు ఎంపిక

పిడికి టేకు చేవ సరిపోతుంది. అది వానాకాలంలోనూ ఎండాకాలంలోనూ పెద్దగా మెలితిరగదు. తలుపులు చేసేవారి దగ్గర మిగులు ముక్కల్లోనే 46 సెం.మీ. పొడవు, 4.5 సెం.మీ. వెడల్పు, 5 సెం.మీ. మందం గల దిమ్మ దొరుకుతుంది. రెక్కల లోపలి పొరకు, అంటే మనవైపు ఉండే పొరకు, నొక్కుడు బలాన్ని భరించే గట్టి కర్ర కావాలి. చిరుమాను గాని, తడ గాని దొరికితే అవే మేలు. చిరుమానును పూర్వం బండి ఇరుసులకూ గొడ్డలి కామలకూ వాడింది అది కుదుపులకు విరగదనే. తడ చెట్టుకు సంస్కృతంలో ధనుర్వృక్షమని పేరుండడమే దాని యోగ్యతకు సాక్ష్యం. ఈ రెండూ దొరకకపోతే బాగా ఆరిన నల్ల తుమ్మ చేవ వాడండి. ఏ కర్ర అయినా దాని నార ఒక కొస నుంచి మరో కొస దాకా అంచుకు సమాంతరంగా పోవాలి. పక్కకు జారిపోయే నార ఉన్న పలక ఎంత నున్నగా కనిపించినా దానిని వదిలివేయండి. రిజర్వు అడవిలో కర్ర నరకడం నేరం కాబట్టి టింబరు డిపోలోనే కొనుక్కోండి.

గురివైపు పొరకు వెదురును మించినది లేదు. నల్లమల చెంచులు తమ విల్లులకు వెదురునే నమ్ముకున్నారు. లాగినప్పుడు సాగే బలాన్ని తట్టుకునే పోగులు వెదురు పైతోలు కిందనే దట్టంగా ఉంటాయి. మనకు 4 సెం.మీ. వెడల్పు గల బద్దలు కావాలి కాబట్టి సన్న వెదురు పనికిరాదు; అడుగున 10 సెం.మీ.కు తగ్గని వ్యాసం, మందమైన గోడ ఉన్న ముళ్ల వెదురు బొంగును తీసుకోవాలి. పచ్చి బొంగును తెస్తే నిలువుగా చీల్చి, నీడలో, గాలి ఆడే చోట కనీసం మూడు నెలలు ఆరనివ్వాలి. పుచ్చు పురుగు పిండి రాలుస్తున్న బద్దను ఎంత నచ్చినా వాడవద్దు.

రెండు రెక్కలకూ ఒకే బొంగులో పక్కపక్కనే ఉన్న బద్దలను, ఒకే ఎత్తులో కోసినవి తీసుకోండి. అప్పుడు రెండింటిలోనూ కణుపులు ఒకే దూరంలో వస్తాయి, గోడ మందం కూడా ఒకేలా ఉంటుంది. వేరు వైపు కొసను రెండు రెక్కల్లోనూ పిడి వైపే ఉంచాలి. ఈ చిన్న జాగ్రత్త తరువాత వంపు దిద్దేటప్పుడు ఎన్నో గంటల శ్రమను తప్పిస్తుంది.

పిడి

దిమ్మకు గురివైపు ముఖాన్ని ఈ చివర నుంచి ఆ చివర దాకా చిత్రిక పట్టి, మూలమట్టంతో చూసి, పూర్తిగా సమతలం చేయండి. ఆ ముఖం మీద నిలువునా సరిగ్గా మధ్యలో ఒక గీత గీయండి. తరువాత పనులన్నిటికీ ఆ గీతే ఆధారం కాబట్టి అది చెరిగిపోకుండా సన్నని మొన కత్తితో గాటుగా పెట్టుకోవడం మంచిది. మనవైపు ముఖాన్ని మధ్యలో 5 సెం.మీ. మందం నుంచి చివరలకు 3.5 సెం.మీ. వరకు వాలుగా దించండి. నడుమ 11 సెం.మీ. మేర చేతికి ఇమిడేలా తగ్గించి, పట్టు పైన బాణం ఆనడానికి చిన్న మెట్టు కోయండి. ఆ మెట్టు లోతు మధ్యగీతకు 3 మి.మీ. ఇవతలే ఆగాలి. పట్టు ఆకారం విషయంలో తొందర వద్దు. విల్లు అంతా పూర్తయ్యాక రోజూ కొంచెం కొంచెంగా చేతికి సరిచేసుకోవచ్చు.

పిడి చివరి అంచులను, రెక్క ఆనే చోట, 2 మి.మీ. మేర గుండ్రంగా రాయండి. పదునైన అంచు మీద ఆనిన రెక్క కొన్నాళ్లకు అక్కడే నలిగిపోతుంది.

రెక్కలు

వెదురు బద్ద లోపలి ముఖాన్ని చిత్రికతో చదును చేసి 4 మి.మీ. మందానికి తీసుకురండి. పైతోలు జోలికి పోవద్దు. మైనపు మెరుపు పోయేలా సన్నని సాండ్‌పేపరుతో తుడిస్తే చాలు. కణుపుల దగ్గర ఎత్తును చదును చేయాలని అనిపిస్తుంది, కాని అక్కడ పోగులు తెగితే విల్లు ఆ కణుపు దగ్గరే విరుగుతుంది.

లోపలి పొరగా వాడే చిరుమాను పలకను పిడి వైపు 9 మి.మీ., కొస వైపు 6 మి.మీ. మందం ఉండేలా ఏటవాలుగా చిత్రిక పట్టండి. మరొక 18 సెం.మీ. ముక్క తీసుకుని, 12 సెం.మీ. వరకు 10 మి.మీ. మందం ఉంచి, మిగిలిన 6 సెం.మీ.లో కాగితం అంత పలచగా వాల్చండి. ఇది రెక్క మొదట్లో మనవైపు అంటుకునే ఊత. దీనివల్ల వంపు పిడి అంచు దగ్గర ఒక్కసారిగా మొదలుకాకుండా మెల్లగా మొదలవుతుంది.

జిగురు విషయంలో రాజీ పడకూడదు. వడ్రంగులు సాధారణంగా వాడే తెల్ల జిగురు నిత్యం వంగే చోట మెల్లగా జారుతుంది. రెండు భాగాలు కలిపి వాడే, నిదానంగా గట్టిపడే ఎపాక్సీని తీసుకోండి. అయిదు నిమిషాల్లో గట్టిపడే రకం వద్దు. అంటించే ముఖాలను 60 నంబరు సాండ్‌పేపరుతో గరుకు చేసి, ఎసిటోన్‌తో తుడవాలి. టేకు వంటి నూనె కర్రలకైతే ఈ తుడుపు తప్పనిసరి. రెండు ముఖాలకూ జిగురు పట్టించి, పొరలను పేర్చి, ఒక మందపాటి పలక మీద పెట్టండి. వెదురు పైతోలు పైకి ఉండాలి. రెక్క కొస కింద 2.5 సెం.మీ. ఎత్తు దిమ్మ ఉంచితే రెక్క గురివైపుకు కొద్దిగా ఎదురు వంపు తిరిగి గట్టిపడుతుంది. ఆ ఎదురు వంపు సగం తరువాత పోతుంది, మిగిలిన సగం బాణానికి వేగాన్ని ఇస్తుంది.

పాత సైకిలు ట్యూబును నిలువుగా కోసి పట్టీలు చేసి, రెక్కనూ పలకనూ కలిపి ఒక కొస నుంచి మరో కొస దాకా లాగి చుట్టండి. పది క్లాంపులు ఇవ్వలేని సమమైన నొక్కుడు ఈ పట్టీలు ఇస్తాయి. జిగురు పలకకు అంటకుండా కింద పాలిథీన్ పరచడం మరిచిపోవద్దు. ఇరవై నాలుగు గంటలు కదల్చకండి. తరువాత రెక్క మధ్యగీత గీసి, పిడి వైపు 38 మి.మీ. వెడల్పు మూడో వంతు దూరం వరకు అలాగే ఉంచి, అక్కడి నుంచి కొసకు 12 మి.మీ. అయ్యేలా రెండు పక్కలా సమంగా కోయండి. అంచులన్నిటినీ గుండ్రంగా రాయండి; విరుపు చాలాసార్లు పదునైన వెదురు అంచు నుంచే మొదలవుతుంది.

బెజ్జాలు, వరుస

ఈ దశలో నేను మొదటిసారి చేసిన తప్పు మీరు చేయకూడదని ఈ భాగాన్ని విపులంగా రాస్తున్నాను. అప్పట్లో బోల్టు బెజ్జాన్నీ చువ్వ బెజ్జాన్నీ కొలతల ప్రకారం పిడిలో, రెక్కలో విడివిడిగా వేశాను. కాగితం మీద అంతా సరిగానే ఉంది. బిగించి చూస్తే ఒక రెక్క కొస రెండు సెంటీమీటర్లు పక్కకు పోయింది. బెజ్జంలో అర మిల్లీమీటరు తేడా కొస దగ్గరకు వచ్చేసరికి ఎన్నో రెట్లు పెరుగుతుంది కాబట్టి అలా జరగడం సహజమే.

సరైన క్రమం ఇది. ముందుగా పిడిలో రెండు బోల్టు బెజ్జాలు వేయండి. చేతి డ్రిల్లుతో కాకుండా స్టాండుకు బిగించిన డ్రిల్లుతో వేస్తే నిట్టనిలువుగా వస్తాయి. మీ దగ్గర లేకపోతే వెల్డింగ్ షాపులో వేయించుకోవచ్చు. మనవైపు నుంచి 80 మి.మీ. క్యారేజ్ బోల్టును, తల కింద వెడల్పు వాషరు పెట్టి, ఎపాక్సీతో పిడిలో స్థిరంగా అమర్చండి. బోల్టు మర గురివైపుకు పొడుచుకు వస్తుంది. రెక్కలో బోల్టు బెజ్జం మాత్రమే వేసి, రెక్కలు రెండింటినీ తొడిగి, వాషరు, వింగ్ నట్టుతో వదులుగా బిగించండి. ఇప్పుడు రెండు కొసల మధ్యగీతల మీదుగా ఒక సన్నని దారాన్ని బిగుతుగా లాగి కట్టండి. ఆ దారం పిడి మధ్యగీత మీదుగా సరిగ్గా వచ్చే వరకు రెక్కలను అటూ ఇటూ కదిపి, అప్పుడు నట్టును గట్టిగా బిగించి, క్లాంపుతో కూడా పట్టి, రెక్కను, పిడిని కలిపి ఒకేసారి చువ్వ బెజ్జం వేయండి. చువ్వను పిడిలో జిగురుతో నిలపండి. రెక్కలో అది బిగుతుగా, కాని చేతితో జారేలా ఉండాలి. రెక్కల మీద పై, కింది అని చెరగని గుర్తు పెట్టుకోండి, ఎందుకంటే ఇకమీదట అవి ఒకదాని స్థానంలో మరొకటి ఇమడవు.

రెక్క పిడి మీద పూర్తిగా ఆనుతున్నదో లేదో తెలుసుకోవడానికి పిడి ముఖం మీద జాజు పొడి రాసి, రెక్కను బిగించి విప్పి చూడండి. ఎరుపు అంటిన చోట ఎత్తు ఉన్నట్టు. అక్కడ మాత్రమే ఆకురాయితో రాసి, ఎరుపు అంతటా సమంగా అంటే వరకు మళ్లీ మళ్లీ చూడండి. చివరగా రెక్కకూ పిడికీ మధ్య పలచని తోలు ముక్క అంటిస్తే బాణం వదిలినప్పుడు టక్కుమనే శబ్దం రాదు.

వంపు దిద్దడం

కొసకు 2 సెం.మీ. ఇవతల గుండ్రని ఆకురాయితో రెండు పక్కలా 4 మి.మీ. గాట్లు పెట్టండి. వీటినే వింటి కొప్పులు అంటారు. గాటు వెదురు పైతోలు మీదకు అడ్డంగా పోకూడదు. అందుకే ముందుగా కొస మీద ఒక చిన్న కొమ్ము ముక్కను గాని తుమ్మ ముక్కను గాని అంటించి, గాటును దానిలో పూర్తి చేయాలి.

ఒక నిలువు పలకకు పైన పిడిని కూర్చోబెట్టే గూడు, కింద ఒక కప్పీ అమర్చి, గోడకు బిగించండి. వదులైన పొడవాటి తాడును కొప్పులకు తగిలించి, కప్పీ గుండా లాగుతూ, దూరంగా నిలబడి చూడండి. మధ్యలో లగేజీ తూచే కొక్కెపు త్రాసు ఉంచితే బలం తెలుస్తుంది. నేరుగా విల్లు కింద నిలబడవద్దు, కళ్లద్దాలు పెట్టుకోండి.

మొదట పది సెంటీమీటర్లు మాత్రమే లాగండి. వంగని చోటును పెన్సిలుతో గుర్తు పెట్టి, మనవైపు ముఖం మీద అక్కడ మాత్రమే యాక్సా బ్లేడుతో గీకండి. ఎక్కువ వంగుతున్న చోటును ముట్టుకోవద్దు. దాని చుట్టుపక్కల తగ్గిస్తే అదే సర్దుకుంటుంది. గురివైపు వెదురును ఎప్పుడూ గీకకూడదు. ప్రతి గీకుడు తరువాత ఇరవై ముప్పై సార్లు కొద్దికొద్దిగా లాగి వదలాలి, ఎందుకంటే తీసిన కర్ర ప్రభావం వెంటనే కనబడదు. ఈ ఒక్క నియమాన్ని పాటించనివారి విల్లులే ఎక్కువగా పాడవుతాయి: ఫలితం కనిపించలేదని మరికొంత గీకి, తీరా అది కనిపించేసరికి మెత్తబడిన చోటు మిగులుతుంది.

కొసలు రెండూ సమంగా ఇరవై సెంటీమీటర్లు దిగుతున్నప్పుడు పొట్టి నారి ఎక్కించి, పట్టు లోతు నుంచి నారికి 8 సెం.మీ. ఎడం ఉండేలా చూడండి. అక్కడి నుంచి రోజుకు అయిదారు సెంటీమీటర్ల చొప్పున లాగుడు పెంచండి. ఏ దశలోనూ త్రాసు 30 పౌండ్లు దాటకూడదు. ఆ బలం వచ్చిన చోటే ఆగి, గీకి, మళ్లీ లాగాలి. కింది రెక్క పై రెక్క కంటే కొంచెం బిరుసుగా ఉండాలి. నారి ఎక్కించాక రెక్క మొదట్లో కొలిస్తే పై రెక్క దగ్గర ఎడం 4 మి.మీ. ఎక్కువ వచ్చేలా చూసుకోండి. 27 అంగుళాల దగ్గర 30 పౌండ్లు వస్తే గీకడం ఆపండి. నునుపు చేయడంలోనూ మొదటి వంద బాణాల్లోనూ మిగిలిన తేడా తీరిపోతుంది. ఈ పని జరుగుతున్నంత కాలం రోజుకు ఒకసారైనా రెక్కలు విప్పి, మళ్లీ బిగించి, నారి పిడి మధ్యగీత మీదనే పడుతున్నదో లేదో చూడాలి.

నారి, బాణాలు, పూత

నారికి డాక్రాన్ దారం పన్నెండు పోగులు పేనితే చాలు. నైలాన్ సాగిపోతుంది. అసలు సాగని కొత్త రకం దారాలు చెక్క కొప్పులను కోస్తాయి. నారి పొడవు 158 సెం.మీ. దగ్గర మొదలుపెట్టి, పూర్తయిన విల్లులో పట్టు నుంచి నారికి 15, 16 సెం.మీ. ఎడం వచ్చేలా మెలికలు పెంచండి లేదా తగ్గించండి. బాణం బరువు 20 గ్రాములకు తగ్గకూడదు. బాణం లేకుండా నారిని లాగి వదలడం మాత్రం ఎన్నడూ చేయవద్దు. బాణం తీసుకుపోవలసిన శక్తి అంతా రెక్కల్లోకే తిరిగివచ్చి వాటిని చీలుస్తుంది. ఇది గడ్డి లక్ష్యం మీద సాధన కోసం చేసిన విల్లు. పక్షులను, జంతువులను వేటాడడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం.

మూడు పూతలు పాలియురెథేన్ వార్నిషు, ఒక్కొక్క పూతకూ మధ్య ఒక రోజు ఆరుదల ఇచ్చి వేయండి. బోల్టు బెజ్జాల లోపల కూడా పూత పడాలి, వానాకాలపు తేమ ముందుగా చేరేది అక్కడికే.

మైదానంలో బిగించేటప్పుడు వింగ్ నట్టును వేళ్లతో తిరిగినంత వరకు తిప్పి, ఆ తరువాత పావు చుట్టు చాలు. అంతకు మించితే కర్ర నలుగుతుంది. పది బాణాలకు ఒకసారి నట్టును, పిడి అంచు దగ్గర రెక్కను వేలితో తడిమి చూడండి. సాధన ముగియగానే నారి దించి, రెక్కలు విప్పి, 75 సెం.మీ. గుడ్డ సంచిలో రెండు రెక్కల మధ్య పిడిని పెట్టి చుట్టండి. వేసవిలో ఆ సంచిని ఎండలో నిలిపిన కారులో మాత్రం వదలవద్దు. మూసిన కారు లోపలి వేడికి మామూలు ఎపాక్సీ మెత్తబడి, రెక్కల పొరలు విడిపోతాయి.